మన మౌనం వారికి కంచె కాదు

ఆదివారం ఆరాధన ముగిసింది. ఆశీర్వాదం అయ్యాక విశ్వాసులంతా మందిరం వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటున్నారు. మా సంఘంలో 24 ఏళ్ల యువకుడొకడున్నాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. చిన్ననాటి నుంచి అతనికో అలవాటు. ఆరాధన అవగానే ఎదురొచ్చిన ప్రతివారినీ గట్టిగా కౌగిలించుకుంటాడు. పసివాడిగా ఉన్నప్పుడు మేమంతా అది చూసి మురిసిపోయాం. కల్మషం లేని ప్రేమంటే ఇదేనని ప్రసంగాల్లో ఉదాహరణగా కూడా చెప్పుకున్నాం. ఆ ఆదివారం మాత్రం సంఘానికి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిని అలాగే కౌగిలించుకున్నాడు. ఆమె భయపడి కేక వేసింది. ఆమె తండ్రి అతనిపై చెయ్యి చేసుకున్నాడు. సాయంత్రం సంఘ పెద్దలు కూర్చుని, కొన్నాళ్లపాటు అతణ్ని మందిరానికి తీసుకురావద్దని తల్లిదండ్రులకు చెప్పారు. ఆ పెద్దల్లో మేమూ ఉన్నాం.

అతని తల్లి వాదించలేదు, ఏడవలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది. "ఎనిమిదేళ్లప్పుడు మీ అందరికీ ముద్దొచ్చింది కదండీ! ఇరవై నాలుగేళ్లకు అదే పని తప్పయింది. మధ్యలో ఎప్పుడు తప్పయిందో వాడికి ఎవరు చెప్పారండీ?"

మా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి భయం అబద్ధం కాదు. ముక్కూ మొహం తెలియని యువకుడు వచ్చి కౌగిలించుకుంటే ఏ ఆడపిల్లయినా బెదిరిపోతుంది. ఆమె వైపు న్యాయముంది. కాని ఆ యువకుడు చేసింది మేము పదహారేళ్లపాటు చప్పట్లు కొట్టి మరీ నేర్పిన పనే! అతనికి సరిహద్దులు నేర్పనిది మేము, దెబ్బలు తిన్నది అతను, మందిరం దూరమైంది అతని కుటుంబానికి. ఎంత విషాదం!

ఈ విషయం మన సంఘాల్లో ఎవరూ నోరు విప్పి మాట్లాడనిది. బుద్ధిమాంద్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి పరిస్థితులతో పెరిగి యవ్వనంలోకి వచ్చిన మన బిడ్డలకు శరీరం గురించి, స్నేహం గురించి, స్త్రీ పురుష సంబంధాల గురించి ఎవరు నేర్పాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అందులో 15 లక్షల మందికి పైగా బుద్ధిమాంద్యం గలవారు. వీరిలో ఎందరో మన బల్లల మీద, మన మధ్య కూర్చుని ఆరాధిస్తున్నారు. కొందరు మాత్రం ఇంట్లోనే ఉండిపోతున్నారు, వారిని మందిరానికి తీసుకురావడానికి వారి తల్లిదండ్రులకు మొహం చెల్లక!

రెండు అపోహలు

ఈ బిడ్డల విషయంలో మనకు రెండు అపోహలున్నాయి. ఒకటి, వీరు ఎప్పటికీ పసిపిల్లలే, దేవదూతల వంటివారు, వీరికి ఆ ఆలోచనలే రావు అనేది. రెండోది, వీరి కోరికలకు అదుపుండదు, దగ్గరికి రానివ్వకూడదు అనేది. విచిత్రమేమిటంటే, ఒకే బిడ్డ విషయంలో మొదటిది 12 ఏళ్ల వరకూ, రెండోది ఆ తర్వాతా నమ్ముతాం. నిజానికి రెండూ తప్పే.

బుద్ధి నెమ్మదిగా ఎదిగినా శరీరం దాని వేళకు అది ఎదుగుతుంది. వీరిలో చాలామంది అమ్మాయిలు మిగతా ఆడపిల్లల వయసుకే పెద్దమనుషులవుతారు. అబ్బాయిలకు మీసాలొస్తాయి, గొంతు మారుతుంది, ఒంట్లో తెలియని స్పందనలు కలుగుతాయి. తోటివారికైతే స్నేహితులు, పుస్తకాలు, సినిమాలు, అన్నయ్యలు, వదినలు ఉంటారు. తప్పో ఒప్పో నాలుగు మాటలు ఎక్కడో చెవిన పడతాయి. ఈ బిడ్డలకు ఆ దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి. ఇంట్లో అమ్మ చెప్పకపోతే, సంఘం చెప్పకపోతే ఇక చెప్పేవారే ఉండరు. తన బట్టల మీద రక్తం చూసి తాను చచ్చిపోతున్నానని రాత్రంతా వణికిపోయిన ఒక అమ్మాయి సంగతి మాకు తెలుసు. తల్లి ప్రేమ లేనిది కాదు. "దానికేం అర్థమవుతుందిలే" అనుకుంది, అంతే.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో చాలామందికి బుద్ధికి ఏ లోటూ ఉండదు. కాళ్లూ చేతులూ, మాటా సహకరించవు, అంతే. అలాంటి యువకులను కూడా బుగ్గ గిల్లి, తల నిమిరి, వారి ముందే వారి గురించి వారి తల్లిని అడుగుతాం. యేసు ప్రభువు అలా చేయలేదు. యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తుంటే జనం అతని నోరు మూయించబోయారు. ప్రభువు మాత్రం ఆగి, అతణ్ని దగ్గరకు పిలిపించి, తన వల్ల అతనికేం కావాలో అతణ్నే అడిగాడు (మార్కు 10). గుడ్డివానికి ఏం కావాలో ప్రభువుకు తెలియదా? తెలుసు. అయినా అడిగాడు. ఆ మనిషికి నోరుంది, మనసుంది అని ఆయన గుర్తించాడు. మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే.

'ఎవరేం చెప్పినా వింటాడు'

మన బిడ్డలను మెచ్చుకునేటప్పుడు మనమొక మాట అంటుంటాం. "మావాడు చాలా మంచివాడండీ, ఎవరేం చెప్పినా వింటాడు." కాస్త ఆగి ఆలోచిద్దాం. ఎవరేం చెప్పినా వినే బిడ్డ దుర్మార్గుడు చెప్పినా వింటాడు! స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు, ఫిజియోథెరపీ చేసేటప్పుడు చిన్నప్పటి నుంచీ వారి శరీరాన్ని ఎందరో తాకుతుంటారు. ఎవరూ అడిగి తాకరు. కాబట్టి తన శరీరం తనదన్న ఊహే ఆ బిడ్డకు కలగదు. "వద్దు" అనడం మనమెప్పుడూ నేర్పలేదు. అన్నప్పుడల్లా మొండితనమని గద్దించాం కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చేసిన ఒక పరిశీలన 2012లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. వైకల్యం లేని పిల్లలతో పోలిస్తే వైకల్యం గల పిల్లలు హింసకు గురయ్యే ప్రమాదం 3.7 రెట్లు ఎక్కువని అందులో తేలింది. మానసిక లేదా బుద్ధిపరమైన వైకల్యం ఉన్న పిల్లలు లైంగిక హింసకు గురయ్యే ప్రమాదమైతే 4.6 రెట్లు ఎక్కువ. ఇలాంటి నేరాలు చేసేవారు సాధారణంగా ఎక్కడి నుంచో రారు. ఆ ఇంటికి అలవాటైనవారు, బిడ్డకు తెలిసినవారు, బిడ్డ మాట ఎవరూ నమ్మరని లెక్క వేసుకున్నవారే ఎక్కువ. ఇప్పుడు ఫోను కూడా తోడయింది. తీయగా నాలుగు మాటలు చెప్పి ఫోటో పంపమని అడిగేవారికి వీరు సులభంగా దొరికిపోతారు.

పిల్లల కోసం పోక్సో చట్టం ఉంది కదా అంటారు. 2012 నాటి ఆ చట్టం నిజంగా గట్టిదే. బిడ్డ వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసిన అత్యాచారాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. అయితే అది 18 ఏళ్ల లోపు వారికే. వయసు 38 ఏళ్లున్నా మానసికంగా ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలా ఉన్న ఒక మహిళ విషయంలో ఈ చట్టం వర్తించాలని ఆమె తల్లి సుప్రీం కోర్టును ఆశ్రయించింది. మానసిక వయసు కాదు, పుట్టిన తేదీ ప్రకారం వచ్చే వయసే లెక్క అని 2017 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. అంటే మనం 'ఇంకా చిన్నపిల్లే' అనుకునే 20 ఏళ్ల అమ్మాయి చట్టం దృష్టిలో పెద్దదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత వైకల్యం గల స్త్రీపై అత్యాచారానికి కనీసం పదేళ్ల కఠిన శిక్ష వేస్తుంది. 18 దాటిన అబ్బాయిపై అత్యాచారం జరిగితే మాత్రం ఆ సంహితలో దానికి ప్రత్యేక సెక్షనే లేదు. చట్టం అవసరమే, కాని అది జరిగాక వస్తుంది. జరగకముందు ఆ బిడ్డకు అండగా నిలిచేది మనం నేర్పిన పాఠమే.

దావీదు ఇంటి మౌనం

కొందరు విశ్వాసులు అంటారు, ఇవన్నీ మందిరంలో మాట్లాడే విషయాలా అని. బైబిలు మాట్లాడింది! రెండవ సమూయేలు గ్రంథం 13వ అధ్యాయం చదవండి. దావీదు కుమార్తె తామారును ఆమె సవతి అన్న అమ్నోను జబ్బు నటించి, తన గదికి రప్పించుకుని బలాత్కరించాడు. ఆమె చేయవలసినదంతా చేసింది. వద్దంది, బతిమాలింది, బూడిద పోసుకుని బట్టలు చింపుకుని గట్టిగా ఏడుస్తూ బయటకు వచ్చింది. అయితే సొంత అన్న అబ్షాలోము ఊరుకొమ్మన్నాడు. తండ్రి దావీదు కోపంతో మండిపడ్డాడు గాని కొడుకును దండించినట్లు ఎక్కడా లేదు. ఆ మౌనం రెండేళ్లు నడిచింది. చివరకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు, ఆ ఇల్లు కత్తుల పాలైంది. పరువు కోసం పాటించిన మౌనం ఆ ఇంటి పరువును నిలబెట్టిందా? తామారు మాత్రం అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. నోరున్న రాజకుమార్తె గతే అలాగైతే, తనకు జరిగినదాన్ని చెప్పడానికి మాటలే నేర్పని మన బిడ్డల గతేమిటి?

'ప్రార్థన చేయండి, ఆపరేషన్ ఉంది'

కొన్నేళ్ల కిందట ఒక తల్లి మా దగ్గరకు ప్రార్థన విన్నపంతో వచ్చింది. బుద్ధిమాంద్యం గల తన 17 ఏళ్ల కూతురికి గర్భసంచి తీయించాలనుకుంటోందట. జబ్బేమీ లేదు. "నెలనెలా నేను చూసుకోలేకపోతున్నానండీ. పైగా ఏదైనా జరిగితే కడుపు రాకుండానైనా ఉంటుంది" అంది. ఆ రెండో మాట విని మేము నివ్వెరపోయాం. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది గాని అత్యాచారాన్ని ఆపదు కదా! పైగా జరిగింది బయటపడే దారిని కూడా మూసేస్తుంది. అయితే ఆ తల్లిని నిందించడానికి మాకు నోరు రాలేదు. పదిహేడేళ్లుగా ఆమెకు ఒక్క పూట విశ్రాంతి ఇవ్వని సంఘం మాది.

ఇది ఒక్క తల్లి ఆలోచన కాదు. 1994లో మహారాష్ట్రలోని శిరూర్‌లో ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల కొందరు స్త్రీలకు పుణెలోని ఆసుపత్రిలో గర్భసంచులు తొలగించారు. నెలసరి శుభ్రత వారికి తెలియదన్నదే కారణం! దేశమంతా నిరసనలు వచ్చాకే అది ఆగింది. శుభ్రత తెలియకపోతే నేర్పాలి గాని అవయవం తీసేస్తారా? తరువాత 2009లో చండీగఢ్ ప్రభుత్వ వసతి గృహంలో అత్యాచారానికి గురై గర్భం ధరించిన ఒక యువతి కేసు సుప్రీం కోర్టుకు వచ్చింది. ఆమెకు స్వల్ప బుద్ధిమాంద్యం. గర్భం తీసేయమని హైకోర్టు ఆదేశించింది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయకూడదని, బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన ఆమె ఇష్టాయిష్టాలు లేకుండా పోవని సుప్రీం కోర్టు చెప్పింది. అభాగ్యురాలని అందరూ అనుకున్న ఆ అమ్మాయి మాటకు దేశ అత్యున్నత న్యాయస్థానం తలవంచింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పదవ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. సంతానోత్పత్తి, కుటుంబ నియంత్రణ గురించి తగిన సమాచారం వికలాంగులకు అందేలా ప్రభుత్వం చూడాలి. వారి స్వేచ్ఛాపూర్వకమైన, తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదు. లోకపు చట్టం ఇంత దూరం వచ్చింది. నరుణ్ని దేవుడు తన స్వరూపంలో చేశాడని ప్రతి ఆదివారం చెప్పుకునే మనం ఎక్కడున్నాం?

పెళ్లి మాట

'పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు' అని మన పెద్దల సామెత. నవ్వుకోవడానికి బాగుంటుంది గాని, దాన్ని నిజమని నమ్మి బతుకులు పాడుచేసుకున్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. బిడ్డ పరిస్థితి అవతలివారికి చెప్పకుండా దాచి, కట్నం కాస్త ఎక్కువిచ్చి, 'పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి' అని ముడిపెట్టేస్తారు. ఆ పెళ్లిని జరిపించేది మనమే, ఆశీర్వదించేది మనమే. వివాహ సమయానికి ఒకరు బుద్ధి స్థిమితం లేనివారైతే ఆ వివాహం చెల్లదని ప్రకటించమని కోర్టును కోరవచ్చని క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టంలో వాడిన మాటలు పాతవి, మనసు నొప్పించేవి. అయినా అది అమల్లోనే ఉంది. దాచి చేసిన పెళ్లి కోర్టు మెట్లెక్కిన రోజున అందరికంటే ఎక్కువగా నలిగేది ఆ అమాయకపు బిడ్డే.

అలాగని వీరికి పెళ్లే వద్దనడం కూడా మన పని కాదు. మెఫీబోషెతు కథ మనకు తెలియనిది కాదు. ఐదేళ్ల వయసులో దాది చేతుల్లోంచి పడి రెండు కాళ్లూ కుంటివైన రాజవంశీకుడు. లోదెబారు నుంచి అతణ్ని పిలిపించి దావీదు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఈ కథ మీద మనం విన్న ప్రసంగాలకు లెక్కలేదు. అయితే రెండవ సమూయేలు 9వ అధ్యాయం చివరలో చిన్న విషయమొకటి ఉంది. మెఫీబోషెతుకు మీకా అనే పసికొడుకు ఉన్నాడు! మొదటి దినవృత్తాంతముల గ్రంథం 8వ అధ్యాయంలో ఆ మీకా సంతతి పేర్లు వరసగా ఉన్నాయి. వారిలో విలుకాండ్రు, కొడుకులు, మనుమలు, అందరూ 150 మంది. బల్ల దగ్గర జాలిగా కూర్చున్న కుంటివాణ్ని మాత్రమే మనం చూశాం. అతనికో ఇల్లుంది, సంసారముంది, ఒక వంశం అతని నుంచి వచ్చింది అని మన ప్రసంగాల్లో ఎందుకు రాలేదు? మెఫీబోషెతుకు లోటు కాళ్లలోనే గాని బుద్ధిలో కాదు, నిజమే. కాని కాళ్లు లేనివారినీ, బుద్ధి నెమ్మదించినవారినీ మనం ఒకే గాటన కట్టి వీళ్లకు సంసారమేమిటి అంటున్నామా లేదా?

పెళ్లి అంటే ఏమిటో అర్థమై, అవతలివారికి అన్నీ తెలిసి, ఇద్దరూ ఇష్టపడి, రెండు కుటుంబాలూ సంఘమూ అండగా నిలిస్తే వీరిలోనూ కొందరు సంసారం చేసుకోగలరు. అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవారిని అందులోకి నెట్టడం మాత్రం పాపమే. పెళ్లి కానివారి బతుకు వ్యర్థమని వాక్యం ఎక్కడా చెప్పలేదు. పౌలుకు భార్య లేదు. సంతానం లేని నపుంసకులకు కూడా తన మందిరంలో కొడుకుల కంటే, కూతుళ్ల కంటే మిన్న అయిన పేరు ఇస్తానని దేవుడు యెషయా 56వ అధ్యాయంలో మాట ఇచ్చాడు. పెళ్లి కాకపోయినా స్నేహం కావాలి, తనను పేరు పెట్టి పిలిచేవారు కావాలి, ఆదివారం పక్కన కూర్చునేవారు కావాలి. ఆ స్నేహం ఇవ్వడానికి ఏ చట్టం అడ్డు?

ఏం నేర్పాలి? ఎలా నేర్పాలి?

'తెలియనివి చెప్పి లేనిపోని కోరికలు రేపినట్లవుతుంది' అని చాలామంది భయం. ఒంట్లో కలిగే మార్పులను మనం రేపడం లేదు. దేవుడు పెట్టిన వేళకు అవే వస్తున్నాయి. మనం చెప్పేది వాటికి పేరు, పద్ధతి. చెప్పకపోతే ఆ స్థానం ఖాళీగా ఉండదు. ఫోనో, ఎవడో దుర్మార్గుడో దాన్ని నింపుతాడు. బిడ్డకు నిప్పంటే ఏమిటో చెప్పడం నిప్పు పెట్టడం కాదు కదా!

నేర్పడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. అయితే ఓపిక కావాలి. శరీర భాగాలన్నిటికీ, మర్మాంగాలతో సహా, సరైన పేర్లు చెప్పాలి. ముద్దుపేర్లు, సైగలు పెట్టుకుంటే రేపు బిడ్డ చెప్పినది డాక్టరుకో పోలీసుకో అర్థం కాదు. నలుగురిలో చేసేవేమిటి, తలుపు వేసుకుని ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే చేసేవేమిటి అన్నది బొమ్మలతో నేర్పాలి. బట్టలు మార్చుకోవడం ఎక్కడ, స్నానం ఎక్కడ అన్నదే ఈ పాఠానికి మొదలు. ఒంట్లో కలిగే స్పందనలకు బిడ్డను కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. సిగ్గు, భయం పెరుగుతాయి, అంతే. పెద్దమనిషి కాకముందే అమ్మాయికి నెలసరి గురించి చెప్పి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో, ఎలా చుట్టి పారేయాలో చేసి చూపించాలి. మూడు నెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. పట్టనిద్దాం.

బంధుత్వాలను వలయాలుగా గీసి చూపించవచ్చు. మధ్యలో నువ్వు. పక్క వలయంలో అమ్మ, నాన్న. తర్వాత స్నేహితులు, సంఘస్థులు. ఆఖరున ముక్కూ మొహం తెలియనివారు. ఏ వలయంలోని వారిని కౌగిలించుకోవచ్చు, ఎవరికి చేయి కలపాలి, ఎవరికి దూరం నుంచే వందనాలు చెప్పాలి అన్నది రోజూ ఆడించి చూపించాలి. తాకే ముందు అడగాలి, వద్దంటే ఆగాలి, నిన్ను తాకేవారిని నువ్వూ వద్దనవచ్చు. ఈ మూడు మాటలు వస్తే సగం చదువు వచ్చినట్లే. దీనికి ముందు మనం కూడా మారాలి. స్నానం చేయించే తల్లి కూడా "అమ్మా, నీ వీపు రుద్దనా?" అని అడిగి చేయాలి. ఇక నాలుగోది, రహస్యంగా ఉంచమని ఎవరైనా చెబితే వెంటనే వచ్చి ఫలానావారికి చెప్పు అని ఒకరిద్దరి పేర్లు ఖాయంగా చెప్పి ఉంచాలి. అలా వచ్చి చెప్పిన రోజున నమ్మాలి.

ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా, మందిరంలో ఒకలా చెబితే బిడ్డ తికమకపడతాడు. అందరం ఒకే మాట, ఒకే పద్ధతి చెప్పాలి. సికింద్రాబాదులో 1984 నుంచి బుద్ధిమాంద్యం గలవారి కోసం జాతీయ సంస్థ పనిచేస్తోంది. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మన పట్టణాల్లోనూ ఉన్నారు. ఒక శనివారం అలాంటి ఉపాధ్యాయురాలిని మందిరానికి పిలిచి సండేస్కూలు టీచర్లకు, తల్లిదండ్రులకు నేర్పించమంటే కాదంటారా? ఉజ్జీవ కూటాలకు వేసే షామియానా ఖర్చులో పదో వంతు కూడా కాదు!

సంఘం చేయవలసినది

నేర్పితే చాలు, ఆపద రాదని మేము చెప్పడం లేదు. ఆపద తెచ్చేవాడు ఉన్నంతకాలం కాపలా కాయవలసింది పెద్దలమే. నేర్చుకోవలసిన బాధ్యతంతా బలహీనుల మీద వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. సండేస్కూలు గదిలో ఏ బిడ్డతోనూ ఒక్కరే ఉండకుండా ఇద్దరు పెద్దలుండేలా నియమం పెట్టుకోవాలి. ప్రార్థన పేరుతో ఎవరూ తలుపులు మూయకూడదు, వారు ఎంత పేరున్న సేవకులైనా సరే. 18 లోపు బిడ్డకు అన్యాయం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. తెలిసీ తెలపకపోవడం నేరం. పాస్టర్లకు, పెద్దలకు అందులో మినహాయింపు లేదు. 'సంఘం పరువు పోతుంది, ప్రార్థనలో పెట్టుకుందాం, క్షమించేద్దాం' అనే మాటలు అక్కడ చెల్లవు. క్షమించే హక్కు గాయపడినవారిది, మనది కాదు. వికలాంగురాలైన స్త్రీ ఫిర్యాదు చేస్తే పోలీసులే ఆమె ఇంటికి వచ్చి, ప్రత్యేక విద్య తెలిసిన ఉపాధ్యాయుల సహాయంతో ఆమె మాటలు రాసుకోవాలని చట్టంలో ఉంది. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 ఉన్నాయి. ఆ నంబర్లు మందిరం నోటీసు బోర్డు మీద ఉన్నాయేమో ఈ ఆదివారం చూద్దాం.

క్రీస్తు శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమైనవని, మనం అంతగా ఘనపరచని అవయవాలకే ఎక్కువ ఘనత ఇవ్వాలని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 12). ఆ మాటలు మన సంఘంలోని ఈ బిడ్డల గురించి ఎంత నిజమో, వారి శరీరాల గురించీ అంతే నిజం. దేవుడు సిగ్గుపడకుండా చేసినదాని గురించి మనం సిగ్గుపడి నోరు మూసుకుంటే ఆ నష్టం మనది కాదు, వారిది.

ఆ 24 ఏళ్ల యువకుని సంగతి చెప్పి ముగిస్తాం. పెద్దలమంతా వారింటికి వెళ్లి తల్లిదండ్రుల ముందు, అతని ముందు మా తప్పు ఒప్పుకున్నాం. అతను నవ్వి మా అందరినీ కౌగిలించుకోబోయాడు. అప్పుడే మొదటి పాఠం మొదలైంది! రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పడం అతనికి అలవాటు కావడానికి ఏడు నెలలు పట్టింది. మేము కూడా కనబడగానే చేతులు చాపకుండా ఉండడం నేర్చుకున్నాం. మాకే ఎక్కువ కష్టమైంది. ఇప్పటికీ అప్పుడప్పుడు మరచిపోతాడు. పక్కనున్నవారు నెమ్మదిగా గుర్తు చేస్తారు, సర్దుకుంటాడు. ఆ అమ్మాయి కుటుంబం ఇంకా మా సంఘంలోనే ఉంది. జరిగినదంతా ఆ తండ్రికి విడమరచి చెప్పాం. ఆయన పూర్తిగా సమాధానపడ్డాడని చెప్పలేం. కాని పోయిన క్రిస్మస్ ఆరాధన అయ్యాక వాకిట్లో ఆ యువకుడు కాస్త దూరంగా ఆగి, చేతులు జోడించి ఆయనకు వందనాలు చెప్పాడు. ఒక క్షణం తర్వాత ఆయనా చేతులు జోడించాడు.

అతని తల్లి అడిగిన ప్రశ్న ఇప్పుడు మీ సంఘానిది కూడా. ఎప్పుడు తప్పయిందో మీ మధ్య ఉన్న అలాంటి బిడ్డకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పకపోతే, ఈ ఆదివారం ఎవరు చెబుతారు?